తివాచీ మీద దిగరాదు

నరహరిరావుకి లోకంలో రెండే భయాలు. ఒకటి ఎత్తు, రెండోది పైఅధికారి. రెండూ తలెత్తితేనే కనిపిస్తాయి కాబట్టి, ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆయన తల దించుకునే బతికేశాడు. కోస్తాలో ఓ చిన్న పట్నం, అందులో ఓ ప్రభుత్వ కార్యాలయం, అందులో సూపరింటెండెంటు కుర్చీ. పెద్దాఫీసరు గారి కారు రోడ్డు మీద ఎదురైతే, లోపల ఆఫీసరు ఉన్నా, ఉత్త డ్రైవరే ఉన్నా, స్కూటర్ దిగి నిలబడే రకం.

ఇలాంటి మనిషికి దేవుడు సునందను కట్టబెట్టాడు. ఆవిడ హైస్కూల్లో వ్యాయామ టీచరు. ఆవిడ ఈల ఊదితే పక్కవీధి కుక్కలు కూడా వరసలో నిలబడతాయని ఊళ్ళో చెప్పుకుంటారు. సెలవులిస్తే చాలు, ఆవిడ కొండల మీద నుంచి దూకుతుంది.

"దూకడం కాదండీ, ఎగరడం" అని ప్రతిసారీ దిద్దుతుంది ఆవిడ. హ్యాంగ్ గ్లైడర్ అనే వస్తువుకి ఇంజనూ ఉండదు, సీటూ ఉండదు. అల్యూమినియం గొట్టాలకి గుడ్డ బిగించిన పెద్ద రెక్క, అంతే. దాని కింద బొక్కబోర్లా వేలాడుతూ, కొండకొమ్ము మీద పరుగు మొదలుపెట్టి, నేల అయిపోయాక కూడా ఆపకపోవడమే ఆ విద్య. పుణె దగ్గరి కొండల్లో నేర్చుకుని వచ్చింది. అప్పటి నుంచీ ప్రతి సెలవులకీ ఆ రెక్కని మడిచి జీపు మీద కట్టుకుని కొత్త కొండ వెతుక్కుంటూ పోవడం, నరహరిరావు వెనకాల మంచినీళ్ళూ, మందుల పెట్టే, ఆంజనేయ దండకమూ పట్టుకుని వెళ్ళడం మామూలైపోయింది.

ఈసారి రాయలసీమలో పిట్టలమల అనే కొండ దొరికింది. సాయంత్రం చేరారు. తెలియని చోటు కదా, సునంద ముందుగా దిగే చోటు చూసుకుంది. కొండ కింద పనికొచ్చే నేల ఒక్కటే ఉంది, వేరుశనక్కాయ పీకేసిన బీడు. దానికి ఓ పక్క ఏనుగులంత బండరాళ్ళు, ఇంకో పక్క తుమ్మకంప, మూడో పక్క కరెంటు తీగలు. నాలుగో పక్క రోడ్డు, రోడ్డువారన ఓబులమ్మ మిరపకాయ బజ్జీల అంగడి.

"ఇక్కడ గాలి ఎలా ఉంటుందమ్మా?" అని అడిగింది సునంద.

"పొద్దునపూట బాగా లేస్తాది తల్లీ. మబ్బు కమ్మితే మాత్రం చచ్చి ఊరుకుంటాది" అంది ఓబులమ్మ. నరహరిరావు వైపు తిరిగి, "మీరూ ఎగురుతారా సామీ?" అంది.

"అబ్బే, నేను కింద ఉంటాను" అన్నాడాయన.

మర్నాడు చీకటితోనే కొండెక్కారు. కొమ్ము మీద నుంచి ఆ బీడు కనిపించదు. సునంద రెక్క విప్పి, బిగించి, వేలాడి, పరుగెత్తింది. నరహరిరావు అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని, "ఎగిరావా?" అని అరిచాడు. చేతిలోని వాకీటాకీలోంచి, "ఎగిరానండీ, కళ్ళు తెరవండి" అని వినిపించాక తెరిచాడు. ఆవిడ నీలంగా, పసుపుగా, హాయిగా తిరుగుతోంది. ఇక తన పని జీపు దించుకుని కిందికెళ్ళి, ఆవిడ దిగేసరికి నిమ్మకాయ నీళ్ళతో నిలబడటమే. ఘాట్ రోడ్డు మీద అన్ని మలుపులూ తిరిగి, అంతకన్నా ఎక్కువ దండాలు పెట్టుకుని కిందికి చేరాడు.

బీడు లేదు.

అంటే బీడు ఎక్కడికీ పోలేదు, దాని మీద సభ వచ్చి కూర్చుంది. రెండు పక్కలా షామియానాలు, వాటి కింద ప్లాస్టిక్ కుర్చీలు. రోడ్డు వైపు ఆకాశమంత స్వాగత ద్వారం. ఆ చివర వేదిక, వేదిక మీద సింహాసనం. ద్వారం నుంచి వేదిక దాకా, బీడు నడిమధ్యన, ఓ పొడవాటి ఎర్ర తివాచీ. దాని మీదికి ఎవరూ రాకుండా అటూ ఇటూ విశాలంగా జాగా వదిలి తాళ్ళు కట్టారు. బీడు మొత్తానికి ఖాళీ ఉన్నది ఆ ఎర్ర బాటా, దాని రెండు అంచులూ మాత్రమే. ద్వారానికి కట్టిన ఫ్లెక్సీ మీద 'పిట్టలమల హ్యాంగ్ గ్లైడింగ్ మహోత్సవం' అని రాసి, పక్కన విమానం బొమ్మ వేశారు.

నరహరిరావు ప్రాణం లేచి వచ్చింది. గ్లైడింగ్ ఉత్సవమే కదా, గ్లైడరుని గౌరవంగా దింపుకోరూ! చేతులు కట్టుకుని వేదిక దగ్గరికెళ్ళాడు. అక్కడ జేబుకి పట్టు బ్యాడ్జీ తగిలించుకుని, గంధం బొట్టుతో ఒకాయన అందరి మీదా విసుక్కుంటున్నారు. మహోత్సవ ప్రత్యేకాధికారి పెనుబర్తి కోదండపాణి గారు.

"అయ్యా, నా భార్య పైన ఉందండి. దిగుతుందండి" అన్నాడు.

కోదండపాణి గారు తలెత్తి చూశారు. "ఇదేమిటి?"

"గ్లైడరండి. మీ ఉత్సవానికి..."

"మా ఉత్సవానికి గ్లైడర్ల అవసరం లేదండీ. ఇది ప్రారంభోత్సవం. ప్రారంభం అయ్యాక కమిటీ వేస్తాం. కమిటీ గ్లైడరు అనగానేమి అని నిర్వచిస్తుంది. ఆ తర్వాత కొంటాం. ఇలా నిర్వచనానికి ముందే గాల్లోకి రావడం పద్ధతి కాదు."

"చిత్తం, పొరపాటే. దిగిపోతుందండి."

"ఎక్కడ?"

నరహరిరావు వేలు చూపించడానికి కూడా భయపడి, గడ్డంతో తివాచీ వైపు చూపించాడు. కోదండపాణి గారు చెవులు మూసుకున్నంత పని చేశారు.

"గౌరవ ముఖ్య అతిథి గారి పాదస్పర్శకు పూర్వం, సదరు తివాచీపై అన్యుల పాదస్పర్శ నిషిద్ధం. ఇది రాష్ట్రమంతటా అమల్లో ఉన్న సంప్రదాయం. నేను కూడా పక్క నుంచే నడుస్తున్నాను, చూశారా? మా కలెక్టరాఫీసు పెద్దాయన పొద్దున వచ్చి కంపలో నడిచి వెళ్ళారు. మీ శ్రీమతి గారు మా పెద్దాయన కన్నా పెద్దవారా?"

"అయ్యో, ఎంత మాటండి!"

"అయితే ముఖ్య అతిథి గారు వచ్చే వరకు పైన యథాతథ స్థితి కొనసాగించమనండి."

నరహరిరావుకి ఇందులో తప్పేమీ కనిపించలేదు. తనే ఆ కుర్చీలో ఉంటే అదే మాట అనేవాడు. పక్కకొచ్చి వాకీటాకీ నొక్కాడు. "సునందా, కొంచెం సేపు యథాతథంగా తిరుగు."

"ఏమైందండీ? ఆ గుడారాలేంటి?"

"సభ. తివాచీ వేశారు. ముఖ్య అతిథి వచ్చి తొక్కాక నువ్వు తొక్కొచ్చు."

"మీరు వాళ్ళకి చెప్పారా, దీనికి ఇంజను లేదని?"

"చెప్తానే. వాళ్ళు పని మీద ఉన్నారు."

ముఖ్య అతిథి ఎంతవరకు వచ్చారని కనుక్కున్నాడు. బయల్దేరారన్నారు. ఇంకాసేపటికి బయల్దేరుతున్నారన్నారు. మరికాసేపటికి స్నానానికి వెళ్ళారన్నారు. ఆ లెక్కన ఆయన వెనక్కి ప్రయాణం చేస్తున్నారు.

ఈలోగా జనం వచ్చారు. సభకి రమ్మని ట్రాక్టర్లలో ఎక్కించుకొచ్చిన వాళ్ళు వేదిక వైపు చూడటం మానేసి ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నారు. ఓబులమ్మ బజ్జీల మూకుడు తెచ్చి షామియానా పక్కనే పెట్టేసింది. మైకు ముందున్న వ్యాఖ్యాత ఊరుకుంటాడా? "గగనతలాన విహరిస్తున్న సోదరీమణికి మహోత్సవ కమిటీ తరఫున సుస్వాగతం! సోదరీమణి దయచేసి దిగరాదని మనవి!" అని మొదలుపెట్టాడు.

"ఏం సామీ, మీ ఆయమ్మ ఇంగా దిగల్యా?" అంది ఓబులమ్మ, బజ్జీ ఆకులో పెట్టి ఇస్తూ.

"తివాచీ ఉందిగదమ్మా."

"తివాచీ ఉంటే చుట్టి పక్కన బెట్టల్ల. మా ఇంట్లో చాప మింద పిల్లి పండుకున్యా చుట్టేస్తా."

ఈ ఆలోచన నరహరిరావుకి గొప్పగా తోచింది. వెళ్ళి కోదండపాణి గారికి సవినయంగా మనవి చేశాడు. ఆయన జాలిగా చూశారు.

"పరిచిన తివాచీ చుట్టామంటే ముఖ్య అతిథి గారి రాక రద్దయినట్టు సంకేతం వెళ్తుంది. ఒకచోట ఇలాగే వాన వస్తోందని చుట్టారు. వచ్చిన అతిథి గారు కారు దిగి, తివాచీ లేదని చూసి, మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయారు. చుట్టినాయన ఇప్పుడు ఎక్కడున్నాడో కూడా మాకు తెలియదు."

"పోనీ పైన దుప్పటి కప్పితేనండి? జీపులో మాదే ఉంది. ఉతికిందేనండి."

కోదండపాణి గారు ఈ ప్రతిపాదనను తేలిగ్గా తీసిపారేయలేదు. ముగ్గురు అధికారుల్ని పిలిచారు. దుప్పటి తివాచీని తాకుతుంది కనుక దుప్పటికి కూడా తివాచీ హోదా వస్తుందని ఒకరన్నారు. అలా వచ్చేట్టయితే తివాచీకి దుప్పటి హోదా వచ్చే ప్రమాదం ఉందని రెండో ఆయన అన్నారు. గళ్ళ దుప్పటి అసలు పనికిరాదని మూడో ఆయన అన్నారు. ప్రతిపాదన వీగిపోయింది.

"ఆవిడ కాలు మోపకుండా దిగగలదండి. ముందు చిన్న చక్రాలుంటాయి. పొట్ట మీద జారుతుంది" అన్నాడు నరహరిరావు, పరువు పోతున్నా.

మళ్ళీ సమావేశం. పాదాల గురించి సంప్రదాయం స్పష్టంగా ఉంది గానీ పొట్టల గురించి ఎక్కడా ప్రస్తావన లేదన్నారు. లేదు కనుక నిషేధమా, లేదు కనుక అనుమతా అని హోరాహోరీ వాదించుకున్నారు. చివరికి పై ఆఫీసుకి ఫోన్ చేశారు. పై ఆఫీసు, "పొట్ట ఎవరిది?" అని అడిగింది. ఒక వ్యాయామ టీచరుదని చెప్పారు. విద్యాశాఖని సంప్రదించమని పెట్టేసింది.

అంతలో ఒక ఉద్యోగి పరుగెత్తుకొచ్చి కోదండపాణి గారి చెవిలో ఏదో చెప్పాడు. ఆయన ముఖం తెల్లబోయింది.

"ఏమండీ, మిమ్మల్నే! మీ శ్రీమతి గారి నీడ తివాచీ మీద పడుతోంది."

నిజమే. సునంద ఇటు తిరిగినప్పుడల్లా రెక్క నీడ ఎర్ర బాటని చివరంటా తుడుచుకుంటూ పోతోంది.

"నీడని అదుపులో పెట్టుకోమనండి" అన్నారు కోదండపాణి గారు. "పాదానికి ముందు నీడ పడటం ఇంకా ఘోరం."

నరహరిరావు వాకీటాకీ నొక్కాడు. "సునందా, నీ నీడ కొంచెం పక్కకి..."

"ఏవండీ, మీకేమైనా మతిపోయిందా?"

"నాకేం పోలేదే. వాళ్ళు..."

"వాళ్ళ సంగతి తర్వాత. పైకి చూడండి."

చూశాడు. కొండ వెనక నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. ఎండ పోయింది. నీడ దానంతటదే మాయమైంది. అధికారులు హమ్మయ్య అనుకుని చప్పట్లు కొట్టుకున్నారు. నరహరిరావు మాత్రం రెక్క ఎక్కడుందో వెతుక్కున్నాడు. పొద్దుట నుంచీ కొండకొమ్ము కంటే ఎత్తున తిరుగుతున్న రెక్క ఇప్పుడు కొమ్ముకి దిగువన ఉంది.

"గాలి చచ్చిపోతోందండీ" అంది సునంద. ఈసారి గొంతులో ఈల లేదు. "ఇక పైకెళ్ళడం నా చేతుల్లో లేదు. ఆ ఖాళీ బాట ఇవ్వకపోతే రాళ్ళ మీదో, తీగల మీదో పడాలి. కుర్చీల మీద పడదామంటే మనుషులున్నారు. ఏం చెయ్యమంటారో త్వరగా చెప్పండి."

పెళ్ళయి ఇన్నేళ్ళలో ఏం చెయ్యమంటారని ఆవిడ ఆయన్ని అడగడం ఇదే మొదటిసారి. నరహరిరావు కోదండపాణి గారి దగ్గరికి పరుగెత్తాడు.

"అయ్యా! చచ్చిపోతుందండి! గాలి లేదండి!"

"గాలి వచ్చేలా చూడమనండి."

"ఎలా చూస్తుందండి?"

"అది సాంకేతిక విషయం. మేము జోక్యం చేసుకోలేం." కోదండపాణి గారు మెత్తబడ్డారు. ఆయన చెడ్డవారు కాదు. "చూడండి, మీ బాధ నాకు తెలుసు. ఒకవేళ జరగరానిది ఏదైనా జరిగితే, ముఖ్య అతిథి గారి చేతుల మీదుగా సంతాపం ప్రకటింపజేస్తాను. కార్యక్రమంలో పెట్టిస్తాను. జ్యోతి ప్రజ్వలన కాగానే. సరేనా?"

నరహరిరావుకి అలవాటు కొద్దీ నోటి చివరిదాకా 'చిత్తం' వచ్చింది. పూర్తిగా రాలేదు. ఆయన తలెత్తి పైకి చూశాడు, తర్వాత తివాచీ వంక చూశాడు. ఎర్రగా, నున్నగా, మనిషి కాలు ఎరగకుండా పడి ఉంది. దాని మీద కోపం వచ్చింది. తివాచీ మీద కోపం రావడం ఏమిటో ఆయనకీ తెలియదు గానీ, ఒళ్ళంతా మండిపోయింది. ఇన్నాళ్ళూ దారిచ్చి నిలబడిన కార్లన్నిటి మీదా కలిపి ఒకేసారి వచ్చింది.

"ఆకాశంలో నా పెళ్ళాం ఉంటే సంతాపం కార్యక్రమంలో పెడతావట్రా!" అని అరిచి, తాడు కింద నుంచి దూరి, చెప్పుల కాలు తీసి ధనామని తివాచీ మీద పెట్టాడు.

బ్యాండు మేస్త్రీకి ఇచ్చిన ఆదేశం ఒక్కటే, తివాచీ మీద కాలు పడగానే వాయించమని. ఎవరి కాలని ఆయనకెవరూ చెప్పలేదు. బ్యాండు భళ్ళున మోగింది. బ్యాండు మోగగానే పూలు చల్లమని ఆడపిల్లలకి చెప్పారు, చల్లారు. పూలు పడగానే దండ వెయ్యమని చెప్పిన వాళ్ళు దండ వేశారు. దండ పడగానే శాలువా కప్పే వాళ్ళు శాలువా కప్పారు. వ్యాఖ్యాత పొద్దుట నుంచీ బిగబట్టుకున్నదంతా వదిలేశాడు. "అదిగో! అదిగదిగో! మన ప్రియతమ ముఖ్య అతిథి గారు విచ్చేస్తున్నారు! చప్పట్లు!"

జనం లేచి నిలబడి కొట్టారు. ఓబులమ్మ జల్లిగరిటెతో మూకుడు మీద కొట్టింది.

కోదండపాణి గారు ఆపడానికి ఓ అడుగు వేసి ఆగారు. ఆపుదామంటే, దండ వేసిన మనిషి మెడలోంచి దండ తియ్యడానికి సంప్రదాయం లేదు. బ్యాండు మధ్యలో ఆపితే అపశకునం. పాదం మోపాక ఇక ఆయన ముఖ్య అతిథి కాదని చెప్పడానికి తన హోదా చాలదు. ముఖ్య అతిథిని కాదనగలిగింది ముఖ్య అతిథి ఒక్కరే. కోదండపాణి గారు అన్నీ ఆలోచించుకుని, నడుం వంచి, చేతులు కట్టుకున్నారు.

"సార్... సెలవివ్వండి."

"ఆవిణ్ణి దిగనివ్వండి!" అన్నాడు నరహరిరావు.

"చిత్తం సార్! అందరూ పక్కకి! సార్ గారి ఆదేశం! సోదరీమణి దిగబోతున్నారు!"

"సునందా, దిగు! బాట నీదే!"

రెక్క కొండని వదిలి రోడ్డు మీదుగా తిరిగింది. స్వాగత ద్వారం మీద నుంచి, ఫ్లెక్సీలోని విమానానికి అడుగు ఎత్తులో, చప్పుడు లేకుండా లోపలికొచ్చింది. తివాచీ పొడవునా జారుతూ, జారుతూ, ముక్కు పైకెత్తి, సునంద రెండు కాళ్ళ మీదా వేదిక ముందు ఆగింది. మోకాళ్ళు ఒక్కసారి మడతపడ్డాయి గానీ నిలదొక్కుకుంది. నరహరిరావు ఎప్పుడు పరుగెత్తాడో, దండతో సహా వెళ్ళి ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు.

"ఈ శాలువా ఏంటండీ?" అంది సునంద రొప్పుతూ.

"తర్వాత చెప్తా. పద, పోదాం."

పోనిస్తారా? నలుగురు వచ్చి నరహరిరావుని రెక్కలు పట్టుకుని వేదిక ఎక్కించి సింహాసనంలో కూర్చోబెట్టారు. జ్యోతి వెలిగించమన్నారు, వెలిగించాడు. మైకు ముందు నిలబెట్టి ప్రసంగించమన్నారు. సునంద కింద నుంచి చేత్తో సైగ చేసింది. రెక్క మడవాలి, గొట్టాలు విప్పాలి, సంచిలో పెట్టాలి, జీపు మీద కట్టాలి, అంతవరకూ కానివ్వండి అని.

నరహరిరావు జన్మలో మైకు ముట్టుకోలేదు. ఏం మాట్లాడాలో తెలియక, తనకి నోటికొచ్చిన ఒకే ఒక్క విషయం మొదలుపెట్టాడు. క్యాజువల్ సెలవు ఎప్పుడు పెట్టవచ్చు, ఎప్పుడు పెట్టరాదు, ఆదివారాన్ని ముందు కలపాలా వెనక కలపాలా. ఇలాంటి వేదికల మీద ఇంతకంటే సంబంధమున్న మాటలు జనం ఎప్పుడూ వినలేదేమో, శ్రద్ధగా విన్నారు. మొదటి వరసలోని పంతుళ్ళు రాసుకున్నారు కూడా. ఒకాయన లేచి అర్ధజీతపు సెలవు మీద సందేహం అడిగాడు.

సరిగ్గా అప్పుడే రోడ్డు మీద సైరన్ మోగింది. కార్లు బారుగా వచ్చి ద్వారం దగ్గర ఆగాయి. అసలు ముఖ్య అతిథి గారు స్నానం ముగించుకుని వచ్చేశారు. కోదండపాణి గారు కంప పక్క నుంచి పరుగెత్తారు. అతిథి గారి కార్యదర్శి అప్పటికే కారు తలుపు తెరవబోతున్నాడు.

"ఆగాలండీ! ముఖ్య అతిథి గారి ప్రసంగం నడుస్తోంది. పూర్తయ్యే వరకు తివాచీపై రాకపోకలు నిషిద్ధం."

"మరి కార్లో ఉన్నది ఎవరనుకుంటున్నావయ్యా?"

"ఆ విషయం పరిశీలనలో ఉందండీ" అన్నారు కోదండపాణి గారు, చెమటలు తుడుచుకుంటూ. "పక్క నుంచి వస్తారా? తుమ్మకంప ఉంది, కొంచెం చూసుకుని..."

కారు తలుపు మళ్ళీ మూసుకుంది. తివాచీ లేని నేల మీద ఆ అతిథి గారు కాలు పెట్టి చాలా కాలమైందట.

వేదిక మీద నుంచి నరహరిరావు ఇదంతా చూస్తున్నాడు. ఆపితే పట్టుకుంటారు. ఆర్జిత సెలవులోకి దిగాడు. ఆర్జిత సెలవు అయిపోయి ప్రసూతి సెలవు మొదలయ్యేసరికి, కింద జీపు స్టార్టయిన చప్పుడు వినిపించింది. సునంద చుట్టూ తిరిగే పని పెట్టుకోలేదు. జీపుని తిన్నగా తివాచీ మీదికెక్కించి, వేదిక ముందు ఆపి, "ఎక్కండి" అంది.

"జై!" అన్నాడు వ్యాఖ్యాత. బ్యాండు మోగింది. కోదండపాణి గారే పరుగెత్తుకొచ్చి తలుపు తెరిచి, వంగి, మూశారు. ముఖ్య అతిథి వాహనం బయటికొస్తుంటే ఎదురుగా వేరే వాహనాలు నిలబడకూడదు కాబట్టి ద్వారం దగ్గరి కార్లన్నీ వెనక్కి వెనక్కి నడిచి రోడ్డు కిందికి దిగాయి. ఆ బారులోంచి సైరన్ జీపు ఒకటి విడివడి, సెల్యూట్ కొట్టి, ముందుండి దారి తీసింది.

నరహరిరావు మెడలోని దండ తీసి వెనక సీట్లో పెట్టాడు.

"నాకు చాలా భయమేసిందే" అన్నాడు నరహరిరావు.

"నాకూ వేసిందండీ" అంది సునంద. "పైనుంచి మనుషులు ఆవగింజల్లా ఉంటారు, ఎవరు ఎవరో తెలియదు. ఆ ఎర్ర గుడ్డ మీద ఒక ఆవగింజ నిలబడింది చూడండీ, అది మీరేనని తెలిసిపోయింది. నమ్మలేకపోయాను. దిగేటప్పుడు కళ్ళకి నీళ్ళు అడ్డమొచ్చాయి, ఇంకాస్తయితే ఆ ద్వారానికి కొట్టేసేదాన్ని."

నరహరిరావు సిగ్గుపడి కిటికీలోంచి బయటికి చూశాడు. చూస్తే దారి తప్పింది. వాళ్ళు వెళ్ళాల్సింది పెద్ద రోడ్డు. ముందున్న సైరన్ జీపు మాత్రం మెలికలు తిరిగే ఓ పల్లె రోడ్డులోకి తీసుకుపోతోంది. హారన్ కొట్టినా ఆగదు, చెయ్యి ఊపితే సెల్యూట్ కొడుతుంది. చివరికి ఓ ఊరి మొగలో ఆగింది. అక్కడ మళ్ళీ ద్వారం, మళ్ళీ బ్యాండు, మళ్ళీ ఎర్ర తివాచీ. ముఖ్య అతిథి గారి తర్వాతి కార్యక్రమమట, మంచినీటి కుళాయి ప్రారంభోత్సవం. రిబ్బను కట్టిన కుళాయి ముందు ఆడవాళ్ళు పొద్దుటి నుంచీ ఖాళీ బిందెలతో కూర్చుని ఉన్నారు. ట్యాంకు నిండి పైనుంచి నీళ్ళు కారి మురిక్కాలవలోకి పోతున్నాయి. తివాచీ తొక్కే కాలు రాలేదని ఎవర్నీ పట్టుకోనివ్వలేదు.

"దిగొద్దండీ, వెనక్కి తిప్పేస్తాను" అంది సునంద గేరు పట్టుకుని.

అప్పటికే నరహరిరావు దిగిపోయాడు. శాలువా భుజాన వేసుకుని, తివాచీని తొక్కుకుంటూ, దండలు పట్టుకున్నవాళ్ళని తోసుకుంటూ గబగబా వెళ్ళి, రిబ్బన్ని చేత్తో పీకేసి కుళాయి తిప్పాడు. నీళ్ళు భళ్ళున పడ్డాయి. ముందున్న ముసలామె ఇంకేమీ చూడకుండా బిందె పెట్టేసింది.

"సార్, సార్! ఫోటో రాలేదు!" అని ఫోటోగ్రాఫర్ పరుగెత్తుకొచ్చాడు. "రిబ్బను మళ్ళీ కడతాం. ఒక్కసారి కుళాయి కట్టేసి, మళ్ళీ తిప్పండి సార్!"

"వీళ్ళందరి బిందెలూ నిండనీ, కట్టేస్తాను" అన్నాడు నరహరిరావు, కుళాయి మీద చెయ్యి తియ్యకుండా. బిందెల వరస ఊళ్ళోకి ఎంతదాకా ఉందో అక్కడి నుంచి కనిపించలేదు.